దేవుని చిత్తం, జీవిత ఉద్దేశం: ఒకే ప్రశ్నలో చిక్కుకున్న మూడు ప్రశ్నలు

"దేవుడు నన్ను ఎందుకు పుట్టించాడు?" అనే ప్రశ్న తీరికగా కూర్చున్నప్పుడు రాదు. చదువు పూర్తయి ఏ దారి పట్టాలో తెలియనప్పుడు, పెళ్లి సంబంధానికి అవునో కాదో చెప్పాల్సినప్పుడు, ఉద్యోగం ఊడినప్పుడు, పిల్లలు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు బోసిపోయినప్పుడు వస్తుంది. అలాంటి సమయంలో వస్తుంది కాబట్టే చాలామంది విశ్వాసులు దాన్ని వెంటనే ఒక నిర్ణయానికి ముడిపెడతారు. ఈ ఉద్యోగంలో చేరాలా, మానాలా? సంఘ సేవకు వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా? జవాబు రాకపోతే ప్రార్థన చాలలేదనుకుంటారు, ఉపవాసాలు పెంచుతారు, గుర్తులు అడుగుతారు. చాలాసార్లు లోపం ప్రార్థనలో ఉండదు, అడిగిన ప్రశ్నలో ఉంటుంది.

ఆ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మనిషి అనేవాడు ఎందుకున్నాడు అన్నది మొదటిది. ఎలా బతకాలి అన్నది రెండోది. నేను, నాకున్న ఈ శక్తితో, ఈ బాధ్యతల మధ్య, ఏ పని చేయాలి అన్నది మూడోది. మొదటిదానికి బైబిలు ఇచ్చే జవాబు అందరికీ ఒక్కటే. రెండోదానికి జవాబు కూడా దాచిపెట్టలేదు, వాక్యంలో రాసే ఉంది. మూడోదానికి మాత్రం చాలా సందర్భాల్లో ఒకే ఒక్క సరైన జవాబు ఉండదు. మొదటి ప్రశ్న మోయాల్సిన బరువునంతా మూడోదాని మీద పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది. అప్పుడు ఉద్యోగం పోతే జీవితానికే అర్థం పోయినట్టుంటుంది, ఒక నిర్ణయం తప్పితే దేవుని ప్రణాళిక నుంచే జారిపడ్డట్టుంటుంది.

మారని జవాబు

ఆదికాండము 1:26-28 ప్రకారం మనిషి దేవుని స్వరూపంలో సృష్టించబడ్డాడు, భూమిని ఏలే బాధ్యత అతనికి అప్పగించబడింది. పని శాపం వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, ఏదెను తోటను సేద్యపరచి కాయమని ఆదాముకు చెప్పిన మాట 2:15లో ఉంది. పాపం ప్రవేశించింది 3వ అధ్యాయంలో. శాపం వల్ల వచ్చింది పని కాదు, పనిలోని ప్రయాస. ఇంగ్లండులో 1647లో పూర్తయిన వెస్ట్‌మినిస్టర్ సంక్షిప్త ప్రశ్నోత్తరి మొట్టమొదటి ప్రశ్నగా దీన్నే అడుగుతుంది: మనిషి ముఖ్య ఉద్దేశం ఏమిటి? దేవుణ్ణి మహిమపరచడం, ఆయనలో నిత్యం ఆనందించడం అన్నది దాని జవాబు. అంతకు పన్నెండు శతాబ్దాల ముందే బిషప్పు అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథాన్ని, దేవుడు మనల్ని తనకోసం చేసుకున్నాడు గనుక ఆయనలో విశ్రమించేదాకా మన హృదయానికి నెమ్మది ఉండదన్న మాటతో ప్రారంభించాడు.

రోమా 8:28ని అందరూ కంఠతా చెబుతారు: దేవుణ్ణి ప్రేమించేవారికి, ఆయన సంకల్పం చొప్పున పిలవబడినవారికి, మేలు కలగడానికే సమస్తమూ సమకూడి జరుగుతుందని. ఆ సంకల్పం ఏమిటో చెప్పేది తర్వాతి వచనం. దాన్ని చదివేవాళ్లు తక్కువ. తన కుమారుని పోలికకు వాళ్లు మారాలని దేవుడు ముందే నిర్ణయించాడని 29వ వచనం అంటుంది. అంటే ఇక్కడ "మేలు" అన్నది మంచి ఉద్యోగమో సొంత ఇల్లో కాదు, క్రీస్తు పోలిక. ఈ ఉద్దేశానికి రిటైర్‌మెంటు వయసు లేదు. మంచం పట్టినవారు, చేతకానివారు, ఏ పరిచర్య పట్టికలోనూ పేరు లేనివారు కూడా దీనికి వెలుపల లేరు. ఉద్దేశం అంటే సాధించి చూపించాల్సిన ఘనకార్యం అనుకునేవారికి ఈ మాట చప్పగా వినిపిస్తుంది. కానీ మిగతా లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి.

దాచిపెట్టని చిత్తం

ద్వితీయోపదేశకాండము 29:29 ఒక గీత గీస్తుంది. రహస్యాలు దేవునికి చెందుతాయి, బయలుపరచబడినవి మనకు చెందుతాయి, అదీ వాటి ప్రకారం నడుచుకోవడానికి. "దేవుని చిత్తం" అన్న మాటనే సూటిగా వాడిన వచనాలను వెతికి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మీరు పరిశుద్ధులు కావడమే దేవుని చిత్తం అని 1 థెస్సలొనీకయులకు 4:3. ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం దేవుని చిత్తం అని అదే పత్రిక 5:18. మేలు చేస్తూ అజ్ఞానుల నోరు మూయించడం దేవుని చిత్తం అని 1 పేతురు 2:15. న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం, దీనమనస్సుతో దేవుని యెదుట ప్రవర్తించడం, ఇంతేగదా ఆయన అడిగేది అంటాడు మీకా (6:8). వీటిలో ఏ ఊరి పేరూ లేదు, ఏ ఉద్యోగం పేరూ లేదు.

ఇక్కడే ఒక ఆచరణాత్మకమైన పరీక్ష ఉంది. విదేశీ ఉద్యోగం గురించి దేవుని చిత్తం తెలియాలని నెలల తరబడి ప్రార్థించే మనిషి సొంత అన్నతో ఏళ్లుగా మాట్లాడడం లేదనుకోండి. అతనికి తెలిసిన చిత్తం ఒకటి చేతిలో ఉంది. అర్పణను బలిపీఠం ముందే వదిలి, ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23-24 చెబుతోంది. అప్పు ఎగ్గొట్టడం, ఇంట్లో కఠినంగా మాట్లాడడం, లెక్కల్లో అబద్ధం, ఇవన్నీ ఈ కోవలోవే. తెలియని దాని గురించి వెతకడం ఒక్కోసారి తెలిసినదాన్ని వాయిదా వేయడానికి భక్తి రూపంలో దొరికిన సాకు. కాబట్టి వెదుకులాట మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద, చేయాలని ఇప్పటికే తెలిసి చేయనివి రాయండి. వాటిలో కనీసం ఒకదాన్ని ఈ వారమే సరిచేయండి.

యిర్మీయా 29:11 ఎవరికి రాసిన ఉత్తరం

జీవిత ఉద్దేశం గురించి మాట్లాడేటప్పుడు అందరి నోటా వచ్చే వచనం ఇది: "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును". గోడ మీద చట్రం కట్టి పెట్టుకునే ఈ వాగ్దానం నిజానికి ఒక ఉత్తరంలోని వాక్యం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టుకుపోయినవారికి యిర్మీయా ఆ ఉత్తరం రాశాడు. అప్పటికే హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని యెహోవా పేరిట ప్రకటించాడు (28వ అధ్యాయం). జనం వినాలనుకున్నది అదే. యిర్మీయా దానికి ఎదురు చెప్పాడు. రెండేళ్లు కాదు, డెబ్బై ఏళ్లు అన్నాడు. 29:10 చదవకుండా 29:11 చదివితే ఈ విషయం కనబడదు.

డెబ్బై ఏళ్లంటే ఆ ఉత్తరం విన్న పెద్దల్లో ఎక్కువమంది బబులోనులోనే కన్నుమూస్తారన్నమాట. మరి వాళ్లు చేయవలసిందేమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరగా తెచ్చిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి (29:5-7). ఇష్టం లేని చోట, కోరుకోని పరిస్థితిలో, ఆఖరి ఫలితం తమ కళ్లతో చూడలేని తరానికి ఇచ్చిన ఆజ్ఞలివి. "సమాధానకరమైన ఉద్దేశములు" అన్న మాట అర్థం ఈ ఆజ్ఞల పక్కన పెట్టి చదివితేనే తెలుస్తుంది. ఈ వచనాన్ని వ్యక్తిగతంగా చదువుకోకూడదని కాదు. చదువుకునేటప్పుడు డెబ్బై ఏళ్లను, తోటలను కూడా దానితో పాటే తీసుకోవాలి. త్వరగా విడుదల వస్తుందని చెప్పినవాడు హనన్యా, అతని మాట నెరవేరలేదు.

మూడో ప్రశ్నలో ఎంత స్వేచ్ఛ ఉంది?

ఇక్కడ విశ్వాసుల మధ్య నిజమైన భేదాభిప్రాయం ఉంది. ప్రతి మనిషికీ ఉద్యోగం, జీవిత భాగస్వామి, నివాసం దాకా దేవుడు ఒకే ఒక్క ఎంపిక నిర్ణయించి ఉంచాడని, దాన్ని కనిపెట్టడమే మన పని అని కొందరంటారు. వాక్యం గీసిన హద్దుల్లో ఉన్నంతవరకు జ్ఞానంతో ఎంచుకునే స్వేచ్ఛ దేవుడే ఇచ్చాడని మరికొందరంటారు. మొదటి అభిప్రాయంలో జీవితం సన్నని గట్టు మీద నడక, అడుగు తప్పితే పడిపోవడమే. రెండోదానిలో అది కంచె వేసిన పొలం. కంచె దాటనంతవరకు ఎక్కడ దున్నినా యజమానికి సమ్మతమే.

వాక్యాన్ని పరిశీలిస్తే రెండోదానికే ఆధారాలు ఎక్కువ కనిపిస్తాయి. పెళ్లి విషయాన్నే తీసుకోండి. భర్త చనిపోయిన స్త్రీ తనకిష్టమైనవాణ్ణి పెళ్లి చేసుకోవచ్చు, కానీ ప్రభువునందు మాత్రమే అని పౌలు రాశాడు (1 కొరింథీయులకు 7:39). కంచె "ప్రభువునందు మాత్రమే", పొలం "తనకిష్టమైనవాడు". పౌలు తన ప్రయాణాల గురించి రాసేటప్పుడు కూడా అంతే. ఏథెన్సులో ఒంటరిగా ఉండిపోవడం మంచిదనుకున్నాం అంటాడు, ఎపఫ్రొదితును పంపడం అవసరమనుకున్నాను అంటాడు, శీతకాలం నికొపొలిలో గడపాలని నిర్ణయించుకున్నాను అంటాడు. ప్రతిసారీ దర్శనం చూశానని అనడు. రోమా మీదుగా స్పెయినుకు వెళ్లాలని ప్రణాళిక వేశాడు (రోమా 15:24). రోమాకు చేరాడు గానీ ఖైదీగా చేరాడు. ప్రణాళిక వేసుకోవడాన్ని యాకోబు కూడా తప్పుపట్టలేదు. "ప్రభువు చిత్తమైతే" అన్న మాట లేకుండా వేసుకోవడాన్ని తప్పుపట్టాడు (4:13-15).

అయితే ప్రత్యేకమైన పిలుపులు లేవా? ఉన్నాయి. కాకపోతే వాటిలో ఒక పోలిక గమనించాలి. మోషే మామ గొర్రెలు మేపుతున్నాడు. గిద్యోను గోధుమలు దుళ్లగొడుతున్నాడు. ఎలీషా అరక దున్నుతున్నాడు. మత్తయి సుంకపు మెట్టు దగ్గర కూర్చున్నాడు. వాళ్లెవరూ "నా పిలుపు ఏమిటి" అని వెతుకుతూ కూర్చోలేదు. చేతిలో ఉన్న పనిలో ఉండగా పిలుపే వచ్చింది, అదీ ఏ అనుమానానికీ తావు లేనంత స్పష్టంగా. దేవుడు ఒక మనిషికి ప్రత్యేకంగా చెప్పదలచుకుంటే వినిపించడం ఆయన బాధ్యత. మనిషి చెవులు రిక్కించి గుసగుసలు పట్టుకోవాల్సిన అవసరం లేదు.

నెహెమ్యా పద్ధతి

దర్శనం లేకుండా, స్వరం వినకుండా, ఒక మనిషి తన పనిని ఎలా గుర్తిస్తాడో బైబిల్లో అన్నిటికంటే వివరంగా ఉన్నది నెహెమ్యా గ్రంథంలో. అతను యాజకుడు కాదు, ప్రవక్త కాదు. షూషను కోటలో పారసీక రాజు అర్తహషస్తకు గిన్నె అందించే ఉద్యోగి. క్రీ.పూ. 445 ప్రాంతం. యెరూషలేము ప్రాకారం కూలి ఉందని సహోదరుల నోట విన్నాడు. వినగానే కూర్చుని ఏడ్చాడు. ఆ వార్త ఎంతోమంది విని ఉంటారు, దాన్ని దించుకోలేకపోయినవాడు ఇతను. సంఘాల్లో "భారం" అనే మాటకు నిజమైన అర్థం ఇదే.

ఆ తర్వాత అతను ఏం చేశాడన్నది ఎక్కువమంది దాటేస్తారు. వార్త వచ్చింది కిస్లేవు నెలలో, రాజుతో మాట్లాడింది నీసాను నెలలో. మధ్యలో దాదాపు నాలుగు నెలలు. ఉద్యోగం మానలేదు, ఎవరికీ ప్రకటించలేదు, ఉపవాసముండి ప్రార్థించాడు. ఆ నాలుగు నెలలూ అతను ఆలోచిస్తూనే ఉన్నాడని రాజు "నీకేం కావాలి?" అన్నప్పుడు తెలుస్తుంది. తడుముకోకుండా ఎంతకాలం పడుతుందో చెప్పాడు, నది అవతలి అధికారులకు తాకీదులు అడిగాడు, గుమ్మాలకూ ప్రాకారానికీ మ్రానుల కోసం రాజుగారి అడవిని కాసే ఆసాపు పేరిట ఉత్తరం అడిగాడు. యెరూషలేము చేరాక మూడు రోజులు ఊరుకున్నాడు. తర్వాత రాత్రివేళ కొద్దిమందితో వెళ్లి పడిపోయిన గోడను స్వయంగా చూశాడు, దేవుడు తన మనసులో పెట్టిన ఆలోచన అప్పటికీ ఎవరికీ చెప్పలేదు. చూశాకే ప్రజలను పిలిచాడు. ప్రాకారం 52 రోజుల్లో పూర్తయింది (6:15). నాలుగు నెలల మౌనం, 52 రోజుల పని: ఈ నిష్పత్తి గుర్తుంచుకోదగినది. ఇప్పుడు సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు. కూడికలో కదిలిపోయి అదే రాత్రి సాక్ష్యం చెప్పేసి, మరుసటి వారం రాజీనామా ఇచ్చి, ఆరు నెలలకు అయోమయంలో పడతారు.

భారం నిజమైనదే అయినా పద్ధతి తప్పవచ్చు అనడానికి మోషే ఉదాహరణ. నలభై ఏళ్ల వయసులో తన జనాన్ని విడిపించాలన్న తపనతోనే ఐగుప్తీయుణ్ణి చంపాడు. తన ద్వారా దేవుడు విడుదల ఇస్తున్నాడని సహోదరులు గ్రహిస్తారనుకున్నాడు, వాళ్లు గ్రహించలేదు (అపొస్తలుల కార్యములు 7:25). అదే పని చేయడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

గురి తప్పించే గుర్తులు

గిద్యోను గొర్రెబొచ్చు నేల మీద పరచి, మంచు దాని మీదే కురవాలని దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి అందరికీ తెలుసు. కానీ అతను ఆ గుర్తు అడిగే నాటికి దేవుని చిత్తం అతనికి తెలియనిది కాదు. న్యాయాధిపతులు 6:14లోనే "వెళ్లు" అన్న ఆజ్ఞ వచ్చేసింది. బొచ్చు పెట్టింది భయం వల్ల. దేవుడు ఓపిక పట్టి జవాబిచ్చాడు, అది ఆయన దయ. మనం పాటించాల్సిన విధానమని ఎక్కడా చెప్పలేదు. చీట్లు వేయడం కూడా అపొస్తలుల కార్యములు 1:26లో, ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోవడంతో ఆగిపోతుంది. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తర్వాత సంఘం చీట్లు వేసిన సందర్భం కొత్త నిబంధనలో లేదు. 15వ అధ్యాయంలో పెద్ద వివాదం వస్తే కూర్చుని వాదించుకుని, "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని నిర్ణయం రాశారు.

కళ్లు మూసుకుని బైబిలు తెరవడానికి చాలామంది అగస్టీనును చూపిస్తారు. క్రీ.శ. 386లో మిలాను తోటలో అతను పౌలు పత్రిక తెరిస్తే రోమా 13:13-14 కనబడింది, జీవితం మారింది. నిజమే. అయితే ఆ వచనం అతనికి చెప్పింది, భోగలాలసత వదిలి క్రీస్తును ధరించుకోమని. అది అతనికి ఏళ్ల తరబడి తెలిసిన సంగతే, చేయలేక పెనుగులాడుతున్నది. తర్వాతి కాలంలో ఇదే అగస్టీను, లౌకిక వ్యవహారాల కోసం సువార్త పుటలతో చీట్లు తీసే అలవాటు తనకు నచ్చదని ఒక ఉత్తరంలో రాశాడు.

"తలుపు తెరుచుకుంది" అన్నది ఇంకొకటి. యోనా యొప్పేకు వెళ్లేసరికి తర్షీషుకు వెళ్లే ఓడ సిద్ధంగా ఉంది, కేవుకు, అంటే ఓడ ఛార్జీకి, డబ్బులూ ఉన్నాయి. తలుపు బార్లా తెరిచే ఉంది, వెళ్లేది మాత్రం దేవుని నుంచి పారిపోవడానికి. పౌలుకు త్రోయలో ప్రభువే తలుపు తెరిచాడు. అయినా సహచరుడు తీతు కనబడలేదని మనసు నిలవక అక్కడి నుంచి వెళ్లిపోయాడు (2 కొరింథీయులకు 2:12-13), అందుకు తనను తాను నిందించుకోలేదు. అవకాశం ఆలోచించదగిన సమాచారం మాత్రమే. అది ఆజ్ఞ కాదు.

మనసులో సమాధానం, అంటే నెమ్మది, ఉంటే దేవుని చిత్తమే అన్న సూత్రానికి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. ఓడ తుపానులో ఊగిపోతుంటే యోనా దిగువ భాగంలో గాఢనిద్రలో ఉన్నాడు. తండ్రి చిత్తానికి పూర్తిగా లోబడుతున్న యేసు గెత్సేమనే తోటలో వేదనతో చెమటోడ్చాడు. కష్టమైన విధేయత ముందు కలవరం సహజం. తప్పించుకోవాలని నిర్ణయించుకున్నాక వచ్చే ఊరటా సహజమే.

ఇక ఇతరుల ప్రవచనాలు. "నీ గురించి దేవుడు నాతో చెప్పాడు" అన్న మాట విన్నప్పుడు 1 రాజులు 13వ అధ్యాయం తెరవాలి. యూదా నుంచి వచ్చిన దైవజనునికి బేతేలులో అన్నపానాలు ముట్టవద్దని దేవుడు స్పష్టంగా చెప్పాడు. ఒక ముసలి ప్రవక్త వచ్చి, దూత నాతో మాట్లాడాడు, మా ఇంటికి వచ్చి భోంచేయి అన్నాడు. అది అబద్ధం. నమ్మి వెళ్లినవాణ్ణి దారిలో సింహం చంపింది. చెప్పినవాడు వయసులో పెద్ద, హోదాలో ప్రవక్త. అయినా తనకు దేవుడు చెప్పినదానికి విరుద్ధమైన మాటను పరీక్షించకుండా అంగీకరించడం ఆ మనిషి తప్పు. ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్న పౌలే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు (1 థెస్సలొనీకయులకు 5:20-21). మాట నిజమైనా దాని అన్వయం వేరే సంగతి కావచ్చు. యెరూషలేములో పౌలును బంధిస్తారని అగబు అనే ప్రవక్త చెప్పింది నిజమైంది. దాన్ని విని స్నేహితులు "వెళ్లొద్దు" అని ఏడ్చారు, పౌలు "నేను సిద్ధమే" అని వెళ్లాడు (అపొస్తలుల కార్యములు 21). పెళ్లి, ఆస్తి, డబ్బు విషయాల్లో ప్రవచనం పేరిట తొందరపెట్టేవారు ఉంటే అక్కడే ఆగిపోవడం మంచిది. దేవుడు ఒక మనిషిని బెదిరించి, గడువు పెట్టి సంతకం తీసుకోడు.

నిర్ణయం దాకా ఎలా రావాలి

సంఘ చరిత్రలో ఈ పని మీద పద్ధతిగా కూర్చుని రాసినవారిలో కాథలిక్కు గురువు ఇగ్నేషియస్ లొయోలా ముఖ్యుడు. 1521లో పంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన సైనికుడతను. కోలుకునే రోజుల్లో ఒక సంగతి గమనించాడు. శౌర్యం, కీర్తి గురించిన పగటికలలు ఆ కాసేపూ బాగుండి తర్వాత మనసును ఎండగట్టేవి. క్రీస్తును అనుసరించాలన్న ఆలోచనలు వెళ్లిపోయాక కూడా ఆనందం మిగిల్చేవి. ఈ పరిశీలన నుంచే అతని ఆధ్యాత్మిక సాధనల గ్రంథం పుట్టింది, 1548లో పోపు ఆమోదం పొందింది. ప్రొటెస్టంటు విశ్వాసులు అతనితో అనేక విషయాల్లో విభేదించవచ్చు గానీ, ఈ భాగం అందరికీ పనికొస్తుంది.

మొదట, ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయాలి. "దేవా, నా జీవితంలో నీ చిత్తమేమి?" అన్నది నిర్ణయించగలిగే ప్రశ్న కాదు. "ఈ ఉద్యోగంలో ఉంటూ వారాంతాల్లో పిల్లలకు చదువు చెప్పాలా, లేక పూర్తికాలం ఉపాధ్యాయుడిగా మారాలా?" అన్నది నిర్ణయించగలిగే ప్రశ్న. తర్వాత నాలుగు గళ్లు గీయాలి: చేస్తే కలిగే మేలు, చేస్తే కలిగే నష్టం, చేయకపోతే కలిగే మేలు, చేయకపోతే కలిగే నష్టం. రెండు గళ్లతో సరిపెడితే మనసు కోరుకున్నవైపే బరువు పెరుగుతుంది. చేయకపోవడం వల్ల కలిగే మేలు రాయమన్నప్పుడే అసలు సంగతులు బయటపడతాయి. ఆఖర్న లెక్కపెట్టాల్సింది ఎన్ని కారణాలున్నాయని కాదు, ఏవి బరువైనవని. ఒక్కో కారణం పక్కన అది దేని నుంచి వచ్చిందో కూడా రాయవచ్చు: ప్రేమ, భయం, పేరు, డబ్బు, అపరాధ భావం. అపరాధ భావంతో మొదలుపెట్టిన సేవ ఎక్కువకాలం నిలవదు, నిలిచినా చుట్టూ ఉన్నవారిని నలిపేస్తుంది.

అప్పటికీ తేలకపోతే ఇగ్నేషియస్ మూడు ఊహలు సూచించాడు. ఎన్నడూ చూడని ఒక మనిషి ఇదే చిక్కుతో వస్తే అతనికి ఏం సలహా ఇస్తాను? మరణ ఘడియలో ఏ నిర్ణయం తీసుకుని ఉంటే బాగుండుననుకుంటాను? తీర్పు దినాన దేవుని ముందు ఏది చెప్పగలను? మొదటి ఊహకు చాలామందికి అప్పటికప్పుడే జవాబు వచ్చేస్తుంది. మన విషయంలో మసకబారే చూపు పరాయివాడి విషయంలో చురుగ్గా ఉంటుంది మరి.

అతని నియమాల్లో అన్నిటికంటే విలువైనది ఒకటుంది: మనసు చీకటిగా, ప్రార్థన పొడిగా ఉన్న సమయంలో, వెలుగులో తీసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. గొడవ జరిగిన రాత్రి రాజీనామా రాయకూడదు. అనారోగ్యం, నిద్రలేమి, ఆప్తుల మరణం తర్వాతి రోజుల్లో పెద్ద మలుపులు తిప్పకూడదు. పట్టరాని ఉత్సాహంలో ఉన్నప్పుడు తొందరపడి మొక్కుకోవద్దని కూడా అతను హెచ్చరించాడు.

ఈ కాగితం పనితో పాటు ముగ్గురిని అడగాలి. మిమ్మల్ని ఇంట్లో చూసినవారు ఒకరు, ఆ పనిలో ఇప్పటికే ఉన్నవారు ఒకరు, సంఘంలో పెద్ద ఒకరు. మీ నిర్ణయం వల్ల లాభమో నష్టమో పొందేవారు ఈ ముగ్గురిలో ఉండకపోవడం మేలు. "నేను చేయొచ్చంటారా?" అని అడిగితే మర్యాదకు తలూపుతారు. "నేను బాగా చేసిన పని ఏది? మధ్యలో వదిలేసింది ఏది?" అని అడగాలి. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారి సంఘాల్లో ఇలాంటి సందర్భాల్లో కొద్దిమంది కూర్చుని కేవలం ప్రశ్నలే వేస్తారు, సలహా ఇవ్వడం నిషేధం. సలహా ఇచ్చే తొందర ఎక్కువగా ఉన్న చోట ఆ నియమం అరువు తెచ్చుకోదగినదే.

తర్వాత చిన్నగా చేసి చూడాలి. మూడు నెలలు, వారానికి రెండు మూడు గంటలు, ఒకే ఒక్క బాధ్యత, జవాబు చెప్పుకోవడానికి ఒక మనిషి. బోధించే వరం ఉందనుకునేవారు ఆదివారపు బడిలో ఒక తరగతి తీసుకుంటే చాలు, పన్నెండు వారాల్లో తెలిసిపోతుంది. రోమా 12:6-8లో పౌలు ప్రవచనంతో పాటు పరిచర్య, ఇవ్వడం, పైవిచారణ, కరుణించడం కూడా వరాల్లోనే లెక్కపెట్టాడు. వేదిక మీద కనబడేవాటినే వరాలనుకోవడం వల్ల ఎంతోమంది తమకేమీ లేదనుకుంటారు. పరీక్షలో చూడాల్సింది మీకు ఎంత బాగుందనేదే కాదు, అవతలివారికి ఏమైనా ఒరిగిందా అనేది కూడా.

డబ్బు సంగతి ఆత్మీయం కాదని పక్కన పెట్టకూడదు. బురుజు కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కేసుకోడా అన్నది యేసు మాట (లూకా 14:28). ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని త్యజించినవాడని 1 తిమోతి 5:8. పౌలు కొరింథులో డేరాలు కుట్టి బతికాడు. పూర్తికాల సేవకు వెళ్లాలనుకునేవారు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకోవడం, ఉన్న అప్పులు ముందు తీర్చడం, భార్య లేక భర్త మనస్ఫూర్తిగా ఒప్పుకునేదాకా ఆగడం అవిశ్వాసం కాదు.

పూర్తికాల సేవే అసలైన పిలుపు అన్న భావన కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. మధ్యయుగపు సంఘంలో పిలుపు అంటే సన్యాసులకు, యాజకులకే పరిమితమన్నట్టు ఉండేది. సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ దాన్ని తిరగదోడాడు. విశ్వాసంతో బిడ్డ గుడ్డలు ఉతికే తండ్రిని చూసి లోకం నవ్వినా, దేవుడు దూతలతో సహా సంతోషిస్తాడని 1522లో రాశాడు. పౌలు మాట ఇంకా పదునైనది. "ఏమి చేసినా మనుష్యుల కోసం కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయండి" అని అతను కొలొస్సయులకు 3:23లో చెప్పింది బానిసలకు. పనిని ఎంచుకునే వీలే లేనివారికి. వాళ్ల చాకిరీ క్రీస్తు సేవగా లెక్కకు వస్తే, ఇష్టం లేని ఉద్యోగంలో ఉన్నవాడి జీవితం ఉద్దేశం లేనిది ఎలా అవుతుంది? అలాగని అన్యాయాన్ని భరిస్తూనే ఉండాలనీ కాదు. స్వతంత్రుడయ్యే అవకాశం ఉంటే వాడుకోమని కూడా అతనే రాశాడు (1 కొరింథీయులకు 7:21).

బతకాలనిపించనప్పుడు

ఉద్దేశం కనబడడం లేదన్న మాట వెనుక ఒక్కోసారి ఆత్మీయ ప్రశ్న ఉండదు, అలసిపోయిన శరీరమో కుంగిపోయిన మనసో ఉంటుంది. కర్మెలు కొండ మీద బయలు అనే దేవత ప్రవక్తలపై గెలిచిన కొద్ది రోజులకే ప్రవక్త ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. హోరేబు కొండకు చేరాకే "ఇక్కడ నీవేం చేస్తున్నావు?" అన్న ప్రశ్న, ఏలీయాను పూర్తిగా మాట్లాడనివ్వడం, ఆపైన హజాయేలును, యెహూను, ఎలీషాను అభిషేకించమన్న మూడు నిర్దిష్టమైన పనులు, బయలుకు మోకరించని ఏడు వేలమంది ఉన్నారన్న సమాచారం (1 రాజులు 19). ఈ వరుస తారుమారైతే హాని జరుగుతుంది. రెండు వారాలు దాటి నిద్ర, ఆకలి దెబ్బతిని, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటే వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగనక్కర్లేదు, అదే రోజు వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు. అలాంటి మనిషికి "నీ పిలుపు తెలుసుకో, అన్నీ సర్దుకుంటాయి" అని చెప్పడం రొట్టె కంటే ముందు మూడు పనులు అప్పగించడమే.

నిర్ణయం తీసుకున్నాక

కష్టం వచ్చినంత మాత్రాన నిర్ణయం తప్పని కాదు. మాసిదోనియ మనిషిని దర్శనంలో చూసి బయల్దేరిన పౌలు ఫిలిప్పీలో దెబ్బలు తిని చెరసాలలో పడ్డాడు (అపొస్తలుల కార్యములు 16). పదిహేడేళ్ల వయసు నుంచి ముప్ఫై వరకు యోసేపు గడిపిన పదమూడేళ్లలో బావి, బానిసత్వం, జైలు ఉన్నాయి. మరి ఎప్పుడు మానుకోవాలి? కష్టాన్ని బట్టి కాదు, ఫలాన్ని బట్టి చూడాలి. ఆ పని కోసం అబద్ధం చెప్పాల్సి వస్తున్నా, ఇంటివారు నిజంగా దెబ్బతింటున్నా, ముందు అడిగిన ఆ ముగ్గురూ వేర్వేరుగా ఒకే లోపాన్ని ఎత్తిచూపినా మళ్లీ కాగితం తీయాలి. లేకపోతే ఒక ఏడాది గడిచాక, ప్రశాంతంగా ఉన్న రోజున, అవే నాలుగు గళ్లు మళ్లీ నింపి, పాతవాటితో పోల్చి, అదే ముగ్గురికి చూపించాలి. అప్పుడు మార్చుకున్నా అది పారిపోవడం కాదు. స్పెయిను ప్రయాణం తలచినట్టు సాగకపోయినా పౌలు ఉత్తరాలు రాయడం మానలేదు.